ఐదో గిన్నె

సకాత రేవు మీద మంచు ఆగకుండా కురిసిన ఉదయం
ఇగరాషి గారు గుమ్మంలో బూట్లు విప్పి, భూతద్దం తీసి
ముందు పెట్టెని చూశారు, గిన్నెల్ని కాదు.
పౌలోనియా చెక్క. మూత లోపల సిరాతో
ముత్తాత యాసోజి చేతిరాత:
"అరిత పింగాణీ. సాకే గిన్నెలు. ఐదు."

ఇక్కణ్ణుంచి బియ్యం మోసుకెళ్లిన ఓడ
వస్తూ వస్తూ గడ్డిలో చుట్టి తెచ్చిందట వాటిని.
రెండు వేళ్ల మధ్య పట్టేంత నీలం.
అడుగున కెరటాలు, కెరటాల మీద ఒక ఉల్లంకి పిట్ట;
పోస్తే ఈదుతుంది, తాగేస్తే ఒడ్డున పడుతుంది.
అంచు చుట్టూ వెంట్రుకంత బంగారు గీత.

నాకు బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్నవి నాలుగే.
నాలుగన్నా చావన్నా మాకు ఒకటే పలుకు.
అందుకని కొత్త సంవత్సరానికి మూడే బయటికొచ్చేవి.
నాలుగోది చీకట్లో, పాపం,
ఏ తప్పూ చేయకుండానే.

ఐదోదాని మీద తలా ఒక కథ.
పెదనాన్న పెళ్లిలో పగిలిందని అత్తలు.
మంచూరియా వెళ్లిన చిన్నతాత జేబులో పోయిందని నాన్న.
తోమె నాయనమ్మని అడిగితే మాత్రం
"ఆ ఊరగాయ జాడీ మీద రాయి సరిగ్గా పెట్టు" అనేది.
ఆవిడ సాకే వాసనే పడదన్నది
మా వీధి వీధంతా ఎరిగిన సంగతి.

ఆవిడ పోయిన నలభై తొమ్మిదో రోజు
వచ్చినవాళ్లకి వండబోతే బియ్యం నిండుకున్నాయి.
పీపా అడుగు దేవుతున్న నా వేళ్లకి
చల్లగా, గుండ్రంగా తగిలింది.

పిట్ట ఉంది. కెరటాలు ఉన్నాయి.
అంచున ఒకచోట బంగారం లేదు,
సరిగ్గా ఒక పెదవి మేర.
తక్కిన నాలుగింటి బంగారం నిన్న పూసినట్టుంది.
ఎన్ని రాత్రులు పట్టింది నాయనమ్మా,
మెత్తటి పెదవికి అంత గీత అరగడానికి?
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
తవుడు వాసన.
తవుడు కానిది కూడా, కొంచెం.

"ఐదూ ఉంటే ధర వేరు" అంటున్నారు ఇగరాషి గారు
అద్దం తుడుచుకుంటూ. "ఇలాగైతే కొనేవాళ్లు జంకుతారు.
ఇంట్లో ఎక్కడైనా వెతికారా?"

వంటింట్లో పీపా నిండా కొత్త బియ్యం.

"నాలుగే" అన్నాను.
ఆ మాటని మా ఇంట్లో ఇంత గట్టిగా
ఎవరూ అని ఉండరు.
ఆయన కలం ఒక్క క్షణం తడబడి రాసుకుంది.

బయట ఎవరో పారతో మంచు గీకుతున్నారు.
రాత్రి అందరూ పడుకోనీ.