స్పాంజి

ఛాతి అంటే ఒడియాలోనూ ఛాతే.
పర్లాకిమిడిలో టైలరుకి ఆ ఒక్క మాట సాలు.
టేపు తగిలీసరికి
రెండు బాసల మొగోళ్ళూ అక్కడే ఊపిరి బిగబడతారు.

నలబై మూడేళ్ళ కొలతలు నా కాడున్నాయి.
మొదటి పుస్తకానికి అట్ట లేదు, సెదలు తినీసాయి.
అందులో తొలి పేజీ లింగరాజు గారిది. రాజు వేషం.
ఛాతి ముప్పై ఎనిమిది, బొజ్జ నలబై నాలుగు.
"బొజ్జ కాడ బిగించకురా దామోదరం,
రాజన్నాక కూసింత ముందుకి రావాల" అనీవోరు.
నిజమే మరి, ఆయన రాగం తీస్తే
ముందు బొజ్జ లేచీది, దాని ఎనకాల పద్యం లేచీది.
బుగ్గలకి గులాబీ రంగు, పెదాలకి ఎరుపు,
కళ్ళకి రెండేళ్ళ మందాన కాటిక.
ఎవులూ నవ్వలేదు.
పాతపట్నం నుంచి బళ్ళు కట్టుకొచ్చిన ఆడోళ్ళు
"మొగోడంటే ఈడేనే" అనుకునీవోరు.
మీసానికి మాత్రం కొమ్ము దువ్వెన. మా ఊరి పనే.

రెండో పేజీ బెవర సూర్యానిది.
ఛాతి రెండుసార్లు రాసుంది,
ఒకటి ఆడిది, ఒకటి రాణిది.
తేడా నాలుగున్నర అంగుళాలు.
అది నానే కోసీవోణ్ణి,
సినిమా హాలు బాల్కనీ కుర్చీలోంచి పీకిన స్పాంజితో,
గుండ్రంగా కోసి, అంచులు కత్తెరతో సవరించి
జాకెట్టులో పెట్టి కుట్టీసీవోణ్ణి.
తెల్లారి ఆడు వాటిని విప్పి, సెమట పిండి,
దండెం మీద ఆరేసి,
బీడీ ముట్టించి
కట్టెల అడితీకి పనికెల్లిపోయీవోడు.
గొడ్డలెత్తితే ఆ సేతులు తాళ్ళు పేనినట్టుండీవి.
ఆ సేతుల్ని ఎవులూ సూడనేదు.
గాజులు తొడిగినప్పుడే సూసీవోరు.

మజ్జలో పుస్తకాలు సాలా ఉన్నాయి.
కాలర్లు పెరిగేయి, తగ్గేయి,
పేంట్లు ఏనుగు కాళ్ళయ్యేయి, కొంగ కాళ్ళయ్యేయి.
హాలు మూసీసేరు.
లింగరాజు గారి కొడుకు అద్దంలో సూసుకుని
నాన్న బొజ్జ నాకొచ్చీసిందని ఏడ్చేడు.

మొన్న బాహుడా మర్నాడు
పొలాకి దిలీపొచ్చేడు, షార్ట్ ఫిలిం హీరో.
గెడ్డం గుండె దాకా ఉంది,
గుండె మీద ఒక్క ఎంట్రుక నేదు, గీకీసేడు.
మొకానికి రాగిరంగు పూసుకున్నాడు.
"ఇప్పుడు తెలుపు సెల్లదు మాస్టారూ, మోటుగా ఉండాల,
దానికీ క్రీమే."
సొక్కా ఎత్తి సూపించేడు.
"సిక్స్ ప్యాక్‌లో నాలుగొచ్చీసాయి,
కిందివి రెండూ మొండికేసాయి.
గురువారం షూటింగు. మీరే ఏదోటి సెయ్యాల."
కంటి కింద గుంటలు.
గ్లాసుతో నీళ్ళిస్తే వొద్దన్నాడు,
రెండ్రోజులు తాగకపోతే తోలు బిగుస్తాదంట.
వాళ్ళమ్మ అంబలి గిన్నె పట్టుకుని
ఈది సివర దాకా ఎనకాల పడిందంట,
నవ్వుతా సెప్పేడు గానీ నాలిక తడారిపోయుంది.

స్పాంజి ఇప్పుడు సోఫాల కొట్లో కిలోల్లెక్కన దొరుకుతాది.
తెచ్చేను. కత్తెర అదే.
మొదటి ముక్క గుండ్రంగా ఒచ్చీసింది.
"అలాక్కాదు మాస్టారూ, పలకగా, పలకగా!"
ఏటి సేస్తాం బావూ, సెయ్యి పాతది.
ఒళ్ళురంగు బనీనులో రెండు పలకలు దాచి కుట్టేను.
తొడుక్కుని అద్దం ముందు పక్కకి తిరిగేడు,
మళ్ళీ ఇటు తిరిగేడు.
సూర్యం కూడా అలాగే తిరిగీవోడు,
రాణి జాకెట్టు తొడుక్కున్నాక.
సెబుదావనుకున్నాను. గురువారం అయ్యేక సెబుదాం.

ఆడెల్లేక పుస్తకం తీసి
పొట్ట కొలత రెండుసార్లు రాసేను.
ఒకటి ఆడిది,
రెండోది ఎవులిదో తెలీక
పేరు కాడ ఖాళీ వొగ్గీసేను.
మిగిలిపోయిన గుండ్రం ముక్కలో
సూదులు గుచ్చుకున్నాను.