పట్టాలు దాటేచోట

కువోపియో నుంచి ఇమాత్రాకి
తూరే వాళ్ళ నాన్న పాత వోల్వోలో నలుగురం.
జులైలో కూడా ఆ హీటర్ ఆగదు.
కిటికీలు దించి, దోమల్ని పిలిచి ఎక్కించుకున్నాం.

రాత్రి పదకొండైనా పొద్దు గుంకదు.
ఒకదాని వెనక ఒకటి సరస్సులు,
ఎవరో పళ్ళేలు తోమి బోర్లించడం మర్చిపోయినట్టు.
ఐలా మ్యాపు తిరగేసి పట్టుకుని
"ఎడమ" అంటుంది, ఎడమ దాటిపోయాక.

వెనక సీట్లో ఓస్మో మాట్లాడడు.
మూడేళ్ళ కిందట ఇదే రేసులో
అతని బండి చెట్లలోకి పోయింది.
రమ్మని మేం అడగలేదు.
తనే వచ్చి కారెక్కాడు,
ఒళ్ళో రొట్టె మూట, పక్కన చేతికర్ర.

రైలు పట్టాలు రోడ్డుని కోసేచోట
గడ్డిమోపుల వెనక నిలబడ్డాం.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత చెట్ల అవతల ఒక కందిరీగ,
ఆ వెంటే తుట్టె మొత్తం.
పట్టాల మీద రెండు చక్రాలూ నేల విడిచి
అంతే.
మొహం మీద వేడిగాలి, కాలిన ఆముదం వాసన.

"ఈ రెప్పపాటుకా ఇంత దూరం!" ఐలా నవ్వింది.
ముందున్నవాడి హెల్మెట్ ఎరుపో నీలమో
నాకూ తెలీలేదు.

ఓస్మో కళ్ళు మూసుకునే ఉన్నాడు.
బండి బండికీ ఒక వేలు మడుస్తూ,
ఎడమ పాదం, ఆ కుంటి పాదమే,
లేని గేరుని దించుతోంది.
"నాలుగోవాడు తొందరపడ్డాడు," అన్నాడు.

తర్వాతి చుట్టులో నాలుగోవాడు రాలేదు.

మెడలన్నీ సాగాయి. పసుపు జెండా.
ఓస్మో కర్ర ఎప్పుడు జారిందో చూడలేదు,
చెట్ల వైపే వింటున్నాడు.

కుర్రాడు లేచి నించున్నాడని,
చెయ్యి ఊపుతున్నాడని మైకులో చెప్పారు.

అప్పుడు విప్పాడు రొట్టె మూట.
పెద్ద ముక్క తనే తిన్నాడు.