మేడ మీద గుంతమగ్గం

రువీలో టైర్ల దుకాణం నెత్తి మీద
ఒకే గది.
ఇక్కడ గుంత తవ్వనివ్వరు.
తవ్వితే, కింద మురాద్ బక్ష్ తాగే
చాయ్‌లో పడతాయి నా కాళ్లు.

అందుకే నేలనే పైకి లేపాను.
రేవులో పారేసిన పళ్లపెట్టెల చెక్కతో
మోకాలెత్తు అరుగు,
అరుగు నడుమ ఒక ఖాళీ,
ఖాళీలో రెండు తొక్కుడుచెక్కలు, నా రెండు పాదాలు.
మా నాయన చూస్తే నవ్వేవాడు
"గుంతను మేడెక్కించినవా బిడ్డా!" అని.

మగ్గం కంటే ముందు కర్టెన్లు కుట్టాను
పదకొండేళ్లు, ఖరీదైన కిటికీలకు,
ఒక్క కిటికీలోంచీ బయటికి చూడకుండా.
ఇప్పటికీ కుడతాను. అబద్ధమెందుకు?
రాత్రి కుట్టిన అంచులే
పగటి మగ్గానికి అన్నం పెడతాయి.
నోటుబుక్కులో ఎడమవైపు కర్టెన్లు, కుడివైపు మగ్గం.
కుడిపేజీ ఎప్పుడూ ఎడమపేజీకి బాకీ.

లైసెన్సు జువైనా పేరు మీద.
కొండల అవతల మేకలవాళ్ల పిల్ల.
వాళ్లమ్మ ఇసుకలో నాలుగు మేకులు దిగ్గొట్టి
మేకవెంట్రుకల దారం సాగదీసి
కూర్చున్నచోటే కంబళి నేసేదట.
మంద కదిలిందా, మేకులు పీకి
మగ్గాన్ని చాపలా చుట్టి ఒంటె మీదికి.
మేక, మేకు
నా భాషలో పక్కపక్క మాటలని చెప్తే
పడిపడి నవ్వింది.

వాళ్లది లేచిపోయే మగ్గం.
మాది దిగబడే మగ్గం.
మధ్యలో ఈ గది, నెలకు నూటనలభై రియాళ్లు.

జూన్.
ఏసీ గాలికి పడుగు పెళుసెక్కింది.
నాడె విసిరినప్పుడల్లా ఒక పోగు టప్.
ఒక్క పూటలో అరవైమూడు అతుకులు.
అతుకేసే వేలికి బూడిద కావాలి,
గ్యాసు పొయ్యి బూడిదెక్కడ ఇస్తుంది?
జువైనా తన సాంబ్రాణి కుండలోంచి చిటికెడు తీసింది.
ఆ నెల నేసిన బట్టలో
ఎక్కడెక్కడ తెగిందో ముక్కుతో చెప్పొచ్చు.

ఆ వారమే హోటల్ నుంచి ఫోను.
మూడువందల దిండు గలీబులు.
"మిల్లులో నేయించండి, ఎవరు చూడొచ్చారు?
మీ పేరు పట్టీ ఒకటి కుట్టిస్తే చాలు."
మూడువందలంటే ఏడాది కిరాయి.
రేపు చెప్తానన్నాను.

రాత్రి కరెంటు బిల్లు చూసి ఏసీ ఆపేశాను.
ధైర్యం కాదు, భయం.
కిటికీ తీస్తే
పిండని బట్టలాంటి గాలి.
చెమట కనుబొమలు దాటి కళ్లలోకి దిగుతుంటే
నిద్రపట్టక మగ్గమెక్కాను.
నాడె వెళ్లింది. వచ్చింది. వెళ్లింది.
తెగలేదు.
జానెడు నేశాను, మూరెడు నేశాను,
తెగలేదు.

అప్పుడు తెలిసింది,
మా ఇంట్లో గుంత కాళ్ల కోసమే కాదని.
నేల లోపలి చెమ్మను
పడుగుకు గుక్కగుక్కగా తాగించడానికని.
ఇక్కడ తవ్వనివ్వకపోతే
సముద్రమే మత్రా కొండ దాటి
మెట్లెక్కి వచ్చి
నా అరుగు కింద కూర్చుంది.

తెల్లారి ఫోను చేశాను.
"మూడువందలు కుదరవు. పాతిక. మూడు నెలలు పడుతుంది.
కొన్నింటిలో అతుకులు కనబడతాయి."
అటువైపు కాసేపు ఏమీ లేదు.
తర్వాత, "చూస్తాం."
చూస్తామంటే ఏ దేశంలోనైనా ఏమిటో
నాకు తెలుసు.

ఒకటో తారీఖుకి
మూడు జతల కర్టెన్లు ఎక్కువ కుట్టి కిరాయి సరిచేశాను.
కట్టి వస్తుంటే మురాద్ బక్ష్ ఆపాడు,
కళ్లు ఎర్రగా ఉన్నాయి.
పాత ట్యూబు కోసిన ముక్కలు రెండు చేతిలో పెట్టి
"ఆ చెక్కల కింద వెయ్యి తల్లీ,
రాత్రంతా నా తల మీద నడుస్తున్నావు."

వేశాను.
చప్పుడు సగమైంది.
నోటుబుక్కు కుడిపేజీలో రాసుకున్నాను:
రబ్బరు ముక్కలు, రెండు.
ఖర్చు, ఏమీ లేదు.