పాచి

ఉదయం నాలుగింటికి
పాచిమొహంతోనే పాచి దగ్గరికి వెళ్తాను.
ఈ మాట చెప్పి మార్లీస్‌ని నవ్విద్దామనుకున్నా,
రెండింటికీ ఒకే పేరేమిటని అడిగింది.
రాత్రంతా ఎవరూ తాకకుండా వదిలేసిందల్లా పాచే, అన్నాను.
నిజమో కాదో నాకూ తెలీదు.

పోర్ట్ క్లింటన్‌లో, ఈరీ సరస్సుకి అరమైలు ఇవతల,
ఒకప్పుడు పీచ్ పళ్లు డబ్బాలకెత్తిన షెడ్డు వెనక
పరుగుపందెం బాటల్లాంటి మూడు తొట్లు.
మోకాలి లోతు నీళ్లు.
తెడ్లచక్రం చప్పుడు
బట్టలుతికే చప్పుడుకీ
నిద్రలో ఎవరో మింగే గుటకకీ మధ్యది.

ఇక్కడివాళ్లకి పచ్చదనమంటే భయం.
ఆగస్టులో సరస్సు చిక్కబడుతుంది,
కుళాయి నీళ్లు తాగొద్దని నోటీసులొస్తాయి,
కుక్కల్ని ఒడ్డుకి రానివ్వరు.
మాది ఆ పచ్చ కాదండీ అని ఎన్నిసార్లు చెప్పానో,
పెట్రోల్ బంకులో, చర్చివాళ్ల చేపల విందులో, సెలూన్ ముందు.
తలూపుతారు,
చేతిలో నీళ్ల సీసాకి మూత బిగించుకుంటూ.

నూనె ఎలా వస్తుందో చెప్తాను.
ముందు కడుపునిండా పెట్టాలి:
నత్రజని, భాస్వరం, బుడగల్లో బొగ్గుపులుసు వాయువు.
రెట్టింపై, మళ్లీ రెట్టింపై
నీళ్లే కనిపించకుండా పోయాక
ఒక సోమవారం పొద్దున నత్రజని ఆపేయాలి.
అంతే. పెరగడం మానేస్తాయి.
దాచుకోవడం మొదలుపెడతాయి.
ఏం కరువు ముంచుకొస్తుందోనని ఒక్కో కణం
తన ఒంట్లోనే ఒక జాడీ పెట్టుకుంటుంది.
తొమ్మిదో రోజు రంగుచుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే
పసుపు పసుపు బొట్లు.
ఆకలికి కొవ్వెక్కిన వాటిని చూసి
మొదటిసారి చప్పట్లు కొట్టాను.
రెండోసారి కొట్టలేదు.

జూన్ పదమూడు రాత్రి రెండో తొట్టిలో
కంటికానని మేతపురుగులు పడ్డాయి.
బాతు కాలికి అంటుకుని వచ్చాయో, నా బూటుకో.
తెల్లారేసరికి తొట్టి నిండా వడకట్టిన టీ.
చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది,
దానికెవరూ చెప్పలేదు.

మార్లీస్ లెక్కల మనిషి.
తిప్పడానికి ఇంత, వడకట్టడానికి ఇంత,
ఆరబెట్టడానికి అంతకు రెండింతలు.
లీటరు నూనె కోసం లీటరున్నర మండిస్తున్నాం, అంది.
చేతి చమురు వదలడమంటే ఇదే కదా
అనబోయి, ఇంగ్లీషులో ఎలా అనాలో తోచక
కప్పు కడిగాను.
సెప్టెంబరులో డబ్బిచ్చినవాళ్లు వచ్చారు,
బూట్లకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని
తొట్ల చుట్టూ ఒక్కసారి తిరిగారు.
తర్వాత వచ్చిన ఉత్తరంలో మూడు వాక్యాలు.

మిగిలింది ఒక గాజుసీసా. లీటరుంపావు.
డెల్బర్ట్ హోఫ్‌స్టెటర్‌కి చిన్న పడవ,
దానికన్నా ముసలి డీజిల్ ఇంజను.
మూత తీసి వాసన చూశాడు.
కోసిన గడ్డి, కొంచెం చేప, కొంచెం మాడిన మూకుడు.
మొదటి తిప్పుకి రాలేదు. రెండోదానికీ రాలేదు.
మూడోదానికి దగ్గింది, తెల్లగా ఉమ్మింది, అందుకుంది.
ముప్పై ఎనిమిది నిమిషాలు.
నేను గడియారం చూస్తున్నాను,
డెల్బర్ట్ నీళ్లు చూస్తున్నాడు.

ఆగిపోయాక సరస్సంతా ఒక్కసారిగా చెవిలో పడింది.
డబ్బాలో వేరే డీజిల్ తెచ్చావా అంటే
తెస్తే ఇదెంత దూరం పోతుందో ఎలా తెలుస్తుంది, అన్నాడు.
తెడ్లు చెరొకటి తీసుకున్నాం.
నాది నీళ్లలోంచి లేచినప్పుడల్లా
కొసన పచ్చటి పోగొకటి వేలాడేది.
ఒకసారి దులిపాను.
మళ్లీ పట్టుకుంది.

మర్నాడూ నాలుగింటికే మెలకువొచ్చింది.
ముఖం కడుక్కున్నాను.