ఎదురుబరువు

వాల్పరైసోలో ఉదయం ఏడింటికి
పొగమంచు ఇంకా మా కొండ మెట్లమీదే కూర్చుని ఉంటుంది.
ముందు చెవి, తర్వాత తిండి, ఆ తర్వాతే సూది.
తినకపోతే పొడవొద్దు, నాకు ఫోన్ చెయ్యి
అంది పశువుల డాక్టరు మగాలి.

చెవి చల్లగా ఉంటే నెత్తురు రాదు.
మేజోడులో బియ్యం పోసి వేడిచేసి ఆనిస్తాను.
అంచున సన్నటి నరం, వెనక దూది మడత,
టిక్.
గసగసంత ఎర్రటి చుక్క.
మీటరు ఐదు లెక్కపెడుతుంది. దానితోపాటు నేనూ.

నాలుగు వందల పన్నెండు.

మందు సీసా ఫ్రిజ్ తలుపులో, వెన్న పక్కన.
దాన్ని కుదపకూడదు, అరచేతుల మధ్య
పిట్టపిల్లను దొర్లించినట్టు దొర్లించాలి.
మెడ వెనక తోలు గుడారంలా ఎత్తి పొడుస్తాను.
కోర్చో తలెత్తడు. ప్లేటు నాకుతూనే ఉంటాడు.
కోర్చో అంటే బిరడా. ఏ సందు కనపడినా దూరి మూసేస్తాడని
ఆ పేరు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ కొండరైలుకి టికెట్లు చింపాను.
ఒక్క తాడు, రెండు పెట్టెలు.
ఒకటి దిగితేనే ఒకటి ఎక్కేది.
పైపెట్టెలో ఎంతమంది, కిందపెట్టెలో ఎంతమంది
చూడకుండా గంట కొట్టినదాన్ని కాదు.

గట్టి గింజల మేత సంచి చెత్తలో పారేశాను.
భూతద్దం పెట్టి డబ్బాల మీది చీమతలకాయ అక్షరాలు చదివాను:
మొక్కజొన్న ఉంటే వద్దు, బియ్యప్పిండి ఉంటే వద్దు.
పెన్షన్‌లో పావు వంతు డబ్బాలకే.
అయినా మూడు వందల ఎనభై ఎనిమిది.
అయినా నాలుగు వందల ఐదు.
ఒక యూనిట్ రెండయింది, రెండు మూడయ్యాయి.
ఇసుక పళ్ళెం తడి సిమెంటులా బరువెక్కుతూనే ఉంది.

ఒక పదింటికి మెట్లు దిగుతూ చూశాను.
వలలు కుట్టే దోన్ బౌదీలియో గుమ్మంలో
పాలల్లో నానేసిన రొట్టె.
పిల్లి కళ్ళు మూసుకుని తింటోంది. సరే, అది పిల్లి.
పక్కన కూర్చుని ఆయన కూడా మూసుకున్నాడు.

"మా అల్మిరాంతే" అన్నాడు, కళ్ళు తెరిచి.
రెండేళ్ళుగా పెడుతున్నాడట.
రెండు పేర్లు, రెండు గుమ్మాలు,
ఉన్న ఒక్క క్లోమం చెడిపోయింది.
నేనేమన్నానో ఇక్కడ రాయను.
ఆ గిన్నె ఆయనే బోర్లించాడు.

ఆ సాయంత్రం ఏడింటికి గర్వంగా మూడు యూనిట్లు పొడిచాను.

రాత్రి ఒంటిగంటకి వంటింట్లో ఏదో పడ్డ చప్పుడు.
కోర్చో నిలబడబోయి
వెనక కాళ్ళు ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.
నలభై ఒకటి.

రొట్టె దించేశాను. మందు దించలేదు.
కిందపెట్టె ఖాళీ చేసి గంట కొట్టాను, నేనే,
ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత.

తేనె కావాలి. ఇంట్లో లేదు.
తీపన్నదల్లా ఊడ్చి పారేసిన మహాతల్లిని కదా.
వట్టి కాళ్ళతో పదిహేడు మెట్లు దిగి
తిట్టిన తలుపే కొట్టాను.

ఆయన ఒక్క మాట అడగలేదు.
వల సూదులతో కాయలు కాసిన వేలు తేనెలో ముంచి
చిగుళ్ళకి రాశాడు, పడవ పగులుకి తారు పూసినట్టు ఓపిగ్గా.
పావుగంటకోసారి చెవి.
యాభై మూడు. అరవై.
తెల్లారేసరికి నూట ఇరవై.
నేల మీద ముగ్గురం, ఒకే దుప్పటి,
దాంట్లో సగం పైగా పిల్లిది.
ఎనిమిదింటికి మగాలి ఫోన్‌లో తిట్టి, ఒక యూనిట్‌కి దించింది.

ఇప్పుడు సాయంత్రం చెవి ఆయనది.
నాకంటే సన్నగా పొడుస్తాడు, ఒప్పుకోవాలి.
నోటుపుస్తకంలో రెండు చేతిరాతలు,
ఆయన ఏడు ఒకటిలా ఉంటుంది,
దాని మీద రోజూ గొడవ.
తేనె సీసా ఒకటి ఆ ఇంట్లో, ఒకటి ఈ ఇంట్లో.

ఇవాళ రెండు వందల పది.
ఎందుకో తెలీదు.
నేను ఆయన్ని చూశాను, ఆయన నన్ను చూశాడు.
అల్మిరాంతే మీసాలు తుడుచుకుని
కిటికీ సందు మూయడానికి వెళ్ళిపోయాడు.