గొలుసు కొలత

పత్తికొండ నుంచి వచ్చి పొద్దున్నే బస్సు దిగినాను.
సంచిలో డ్రోను, దాని నాలుగు రెక్కలు,
నూరేండ్ల కిందటి మ్యాపు నకలు.
తలారి ఉరుకుందప్ప నా ముఖం చూడలేదు,
మ్యాపు చూసినాడు.
"దీంట్లో బురుజు ఉంది గదా మేడమ్,
అది ఇప్పుడు యాడుందో తెలుసునా?"

చూపించినాడు.
సగం పైఇంటి ప్రహరీలో,
సగం కిందింటి పశువుల కొట్టంలో.
కుంఫిణీ దొరలు పాళెగాని కోట పడగొట్టించి
పింఛనిచ్చి కూర్చోబెట్టినాక
రాళ్ళ కోసం వచ్చిన బండ్లు రెండు.
అప్పుడు మొదలైందంట లెక్క.
తుపాకి పెట్టే కంతలు ఇంకా అట్లే ఉన్నాయి,
ఒకదాంట్లో పిచ్చుక గూడు,
ఒకదాంట్లో సీసీ కెమెరా.

సర్వే నంబరు రెండువందల పద్నాలుగు.
పది అడుగుల బండ్లదారి.
తాతల కాలంలో ఊటబావికి పోయేది,
తండ్రుల కాలంలో సారా బండి పోయేది.
ఇప్పుడు గట్టు మీద గాలిమరలు లేస్తున్నాయి,
నూటయాభై అడుగుల రెక్క మలుపు తిరగాలంటే
ఈ దారే కావాల.
కంట్రాక్టు ఎవరిదైతే దారి వాళ్ళది,
దారి ఎవరిదైతే బూతు వాళ్ళది,
బూతు ఎవరిదైతే...
ఉరుకుందప్ప అక్కడ ఆపి బీడీ ముట్టించుకున్నాడు.

మధ్యలో ఒకసారి రెండిండ్లూ పార్టీలు మార్చినాయి,
ఒకే వారంలో, చొక్కాలు మార్చుకున్నట్టు.
గోడల మీది రంగులు అటువి ఇటు వచ్చినాయి,
ఊరి మధ్య గీత జరగలేదు.
మనవళ్ళు మాత్రం బెంగళూరులో
ఒకే జిమ్ముకు పోతారంట.

డ్రోను లేపినాను.
పైనుంచి ఊరు అరచెయ్యంత.
పైఇల్లు లేదు, కిందిల్లు లేదు,
రేకులు, వాములు, నల్లరేగడి,
దారి పొడుగునా మేకలు తొక్కిన తెల్లటి చార.
"ఈడ పడినారు ముగ్గురు" అని
స్క్రీను మీద వేలు పెట్టినాడు.
వేలు తీస్తే అక్కడ ఏమీ లేదు.
"ఏ ఇంటోళ్ళు?"
"ఏ ఇంటోళ్ళూ కాదు మేడమ్.
ఇంటి ముందర కాపలా పడుకునేటోళ్ళు."

పదకొండింటికి రెండు ఫ్లాస్కులు వచ్చినాయి
రెండు దిక్కుల నుంచి.
ఎవరి టీ ముందు తాగితే
వాళ్ళ గెనిమె ఒక గజం జరిగినట్టని
నాకు ముందున్న సర్వేయరు చెప్పే పంపినాడు.
ఎండ. నాలుక అట్టకట్టింది.
కంపచెట్టు నీడలో ఉలిగమ్మ బిందె.
ఆ ముగ్గురిలో ఒకాయన పెండ్లాం.
గళాసు కడిగి ఇచ్చింది. తాగినాను.

సాయంత్రానికి ఊర్లో మాట:
సర్వేయరమ్మది మూడో పార్టీ అంట.

రిమార్కుల గడిలో 'వివాదం' అని రాసినాను.
పాత రికార్డులో, అదే గడిలో,
అదే మాట ఇంగ్లీషులో ఉంది,
ఇంకు పసుపుపచ్చబడి.

ఉరుకుందప్ప బస్సు దాకా వచ్చినాడు.
"మా జేజినాయన దొరకు గొలుసు పట్టినాడు.
బిగ్గా లాగు, లాగితేనే కొలత నిజం అనేటోడంట దొర.
మా జేజినాయన లాగలేదంట మేడమ్,
రెండో కొస పట్టుకున్నోడు
ఎవరి మనిషో తెలీక."