రెండో ఊపిరి

కోరుట్ల బస్టాండ్ వెనక పదకొండేండ్లు
కోళ్ళు కోసిన చెయ్యి ఇది.
పక్షి లోపల ఏముంటదో నన్నడుగు.
కందనకాయ చీరి, పసుపు పొర ఒలిచి,
అండ్ల రాళ్ళు బకెట్ల దులిపేటోణ్ణి.
కార్జం పక్కకు పెట్టు. చేదుకట్టు పగలనియ్యకు.
ఊపిరితిత్తులంటవా,
పక్కటెముకల సందుల్ల అతుక్కున్న
గులాబీరంగు స్పాంజి ముక్కలు రెండు,
బొటనేలుతోని గీకి పారేస్తే అయిపాయె.
కుక్కలు తప్ప ఎవలూ తినరు.

ఇయ్యాల అల్ ఐన్‌ల,
సనయ్య రోడ్డు చివర డేగల దవాఖానల
అదే చెయ్యి ఒక పక్షిని పట్టుకున్నది,
కొయ్యనీకి కాదు.
దాని కండ్ల మీద తోలు టోపీ.
దాని పాస్‌పోర్టు బల్ల మీద,
నాది కఫీల్ దగ్గర.
"గట్టిగ పట్టకు గంగారాజం,"
సూడాన్ యాసల హిందీ డాక్టర్ ఇల్హామ్‌ది,
"రొమ్ము ఒత్తితే సచ్చిపోతది.
మన లెక్క కడుపు మీద పరద లేదు దానికి,
రొమ్మెముక లేస్తేనే గాలి లోపలికి."

మత్తు మాస్కు పెట్టి
పక్క నుంచి సన్న గొట్టం పంపింది.
టీవీల కనబడ్డది:
నెత్తురు లేదు, కండ లేదు,
సబ్బు బుడగ లెక్క ఒక పొర,
దాని అవుతల ఇంకో పొర,
అన్నీ ఖాళీ గదులే.
ఒక గది మూలకు పచ్చటి బూజు.
"ఇగో, జబ్బు ఇదే," అన్నదామె.
నేను బూజు చూస్తలేను.

ఆ పొరలు నాకు ఎరికే.
కోడి పొట్ట చీరినప్పుడల్ల వేళ్ళకు చుట్టుకునేయి.
చెత్త అనుకునేది.
నల్లా కింద పెడితే పోయేది.
ఆదివారమైతే మూడువందల కోళ్ళు.

గ్లవ్స్ ఇప్పుకుంట చెప్పిందామె.
పక్షి పీల్చిన గాలి ఎంటనే బయటికి రాదట.
ముందుగాల వెనక సంచులకు పోతది,
విడిస్తే అప్పుడొస్తది తిత్తుల్లకు,
మళ్ళ పీలిస్తే ముందు సంచులకు జరుగుతది,
రెండో ఊపిరి విడిస్తేనే గడప దాటుడు.
తిత్తుల్ల మాత్రం గాలి ఒక్క దిక్కే పారుతది,
వరద కాలువ లెక్క,
పీల్చినా కొత్తదే, విడిచినా కొత్తదే.
రెక్క ఎముక లోపల గూడ గాలేనట.
ఆ ఎముకను నేను పల్లున కొట్టి
ఎన్ని కవర్లల్ల కట్టిచ్చిన్నో.

మనిషి తిత్తికి ఒక్కటే మూతి, ముంత లెక్క.
ఎంత వొంపినా అడుగున పాతది మిగుల్తది.
ఆ రాత్రి రూముల పండుకొని విన్న:
ఎనిమిది మందిమి, ఒక్క ఏసీ,
పై మంచం మీద బోజన్న విడిచింది
కింద నేను పీలుస్తున్న.
సిమెంటు పని చేసొచ్చిన దగ్గు
గోడకు తాకి తిరిగొస్తున్నది.

మూడో రాత్రి డ్యూటీ నాదే.
పొద్దుమీకి కౌజుపిట్ట మాంసం పెట్టిన, ఈకలతోనే.
మెడ కింద సంచి నిమ్మకాయంత ఉబ్బి
నడిరాత్రికి దిగింది.
టోపీ తీసిన కండ్లు నల్లగ, నా దిక్కు కాదు.
ఊపిరి లెక్కపెట్టుకుంట కూసున్న.
తోక ఊగుతలేదు, అంటే ఆయాసం తగ్గినట్టే.
రెండు ఊపిర్లను ఒక్కటిగ లెక్కపెట్టాల్నా,
ఇద్దరం ఒక్కసారే పీల్చినది ఎవరి ఖాతల రాయాలె,
అట్ల ఏవేవో.

హఫీత్ గుట్ట మీద తెల్లారక ముందే
తల రెండుసార్లు ఆడిచ్చి,
మెడ చాపి,
ఉండ కక్కింది.
బూడిదరంగు, వేలెడంత.
అరగని ఈకలు, పిట్ట గోళ్ళు రెండు,
కడిగినట్టు శుభ్రంగున్నయి.
ఉండ పడందే మేత పెట్టొద్దు, అది రూలు.

షేఖ్ ఇంటి నుంచి ఫోను: "వేసిందా?"
"వేసింది."
తూకం రెండు గ్రాములు, టైము ఐదుంబావు,
రిజిస్టర్ల రాసిన.

చెయ్యి కడుగుదామని నల్లా విప్పిన.
నీళ్ళు పడుతున్నయి.
మళ్ళ కట్టేసిన.